మా భవంతి ఇంటికి బీమా

జనగామ దగ్గర మా అత్తగారి భవంతి ఇల్లు ఉంది. మట్టి గోడలు, టేకు స్తంభాలు, గూన పెంకులు. బీమా చేయిద్దామంటే మా అత్తమ్మ నవ్వింది, “ఇంటికి సుత బీమానా బిడ్డా?” అని.

1666లో లండన్ తగలబడ్డాక అక్కడ ఇళ్లకు అగ్నిబీమా పుట్టింది. మన దగ్గర 1972 చట్టంతో 107 బీమా కంపెనీలు జాతీయమయ్యాయి. అయినా మా ఊళ్లో బీమా అంటే ఎల్‌ఐసీయే!

నన్ను కదిలించింది 2023 జూలై 27. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని తెల్లారేసరికి వాగు ముంచేసింది. జనం ఇంటికప్పులెక్కారు, హెలికాప్టర్లొచ్చాయి. మరుసటేడు సెప్టెంబరులో మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది.

2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో అగ్గి, పిడుగు, వరద అన్నీ ఉన్నాయి. చిక్కంతా లెక్కలోనే. అమ్మితే వచ్చే ధర కాదు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చు చూస్తారు. జాగ విలువ కలపరు. పాతబడి తనంతట తాను కూలితే పైసా రాదు. మట్టిగోడకు అసలు భయం అదే కదా!

ఏజెంటు అడుగులు కొలిచి రేటు కట్టాడు. అత్తమ్మ స్తంభం మీద చెయ్యేసి, “ఇసొంటిది మల్ల యాడ దొరుకుతది?” అంది. ఆయన ఫారంలో దానికి గడి లేదు.

ముందు పెంకులు సర్దించాం. ప్రతి దూలానికీ, స్తంభానికీ ఫోటో తీశాను. ఆ తర్వాతే ప్రీమియం కట్టాం.