మచిలీపట్నం: రేవు, వర్తకం, పతనం

కృష్ణా జిల్లా ముఖ్యపట్టణమైన మచిలీపట్నం, జనం నోట బందరు, విజయవాడకు సుమారు 70 కిలోమీటర్ల దూరాన డెల్టా తూర్పు అంచున ఉంది. 2011 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 1.70 లక్షలు. 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరానికే పెద్ద రేవుల్లో ఒకటిగా వెలిగిన ఈ ఊరు 19వ శతాబ్దం ముగిసేనాటికి ఓ మోస్తరు జిల్లా కేంద్రంగా మిగిలింది. కారణం ఏమిటంటే 1864 నాటి ఉప్పెన అని చప్పున జవాబు వస్తుంది. ఆ జవాబును కొట్టిపారేయలేం గాని, రేవు అప్పటికే చాలాకాలంగా చిక్కిపోతూ వచ్చిందన్న సంగతి అందులో మరుగున పడుతుంది.

బందరు తీరం చదునైన ఒండ్రునేల, ఒడ్డున లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకును ఒడ్డుకు చేర్చేవి మసులా పడవలు. మేకులు కొట్టకుండా పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టడం వల్ల అల తాకినప్పుడు అవి విరగక వంగి ఊరుకునేవి. వైభవం నడిచిన రోజుల్లోనూ పరిస్థితి ఇదే. అయినా 17వ శతాబ్దం తొలి ఏళ్ళలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ కొఠీలు పెట్టారు. పెగు, సయాం, పారశీకం, మక్కా వైపు ఇక్కడినుంచి ఓడలు సాగాయి. వీళ్ళను లాగింది రేవు వెనకున్న కుతుబ్‌షాహీ రాజ్యం: కొల్లూరు వజ్రాలు, గోల్కొండ దర్బారులో పలుకుబడి ఉన్న ఇరానీ వర్తకులు, అన్నిటికీ మించి కలంకారీ అద్దకం బట్టలు. గుడ్డను కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరవేసిన ద్రవంతో నల్ల గీతలు దింపి, ఎరుపు కావలసిన చోట పటిక అద్ది, చిరివేరుతో ఉడికించేవారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలిచేది, ఎన్ని ఉతుకులకూ వదిలేది కాదు. ఐరోపా రంగరేజులకు చాలాకాలం అంతుపట్టని పనితనం ఇది.

మొదటి దెబ్బ రాజకీయం నుంచి వచ్చింది. గోల్కొండ అధికారుల వసూళ్ళు, డచ్చివారి పోటీ భరించలేక ఇంగ్లీషువారు 1639లో మద్రాసులో స్థలం సంపాదించి, 1641లో తీరపు ప్రధాన స్థావరాన్ని బందరునుంచి అక్కడికి మార్చుకున్నారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలవడంతో రేవును పోషించిన దర్బారే లేకుండా పోయింది. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకున్నాక ఊరు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వశమైంది. కాని అప్పటికి కంపెనీకి మద్రాసు, కలకత్తా రెండూ ఉన్నాయి, బందరును పెంచవలసిన అగత్యం లేదు. 19వ శతాబ్దంలో మాంచెస్టర్ మిల్లు గుడ్డ వచ్చి అద్దకం బట్టల గిరాకీని మింగేసింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30 వేల ప్రాణాలు తీసినప్పుడు రేవు ఇలా సగం ఖాళీ అయి ఉంది.

పూడికకూ తుపానుకూ ఇందులో పాత్ర లేదా అని అడగవచ్చు. ఉంది. ఓడలు పెద్దవయ్యేకొద్దీ లోతులేని రేవు నష్టపోవడం సహజం. హోప్ ఐలాండ్ చాటున్న కాకినాడకు ఆ విషయంలో కొంత మేలు జరిగింది కూడా. అయితే మద్రాసుదీ బయటి సముద్రమే. అక్కడ కట్టిన కృత్రిమ రేవును 1881 తుపాను ధ్వంసం చేస్తే ప్రభుత్వం డబ్బు పోసి మళ్ళీ కట్టింది. రాజధాని కాబట్టి ఆ ఖర్చు పెట్టారు, బందరుకు పెట్టేవారు లేరు. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట, దాని కాలువలు డెల్టాను వరిపంటకు తెచ్చాయి. ఆ పంట కొంతకాలం కాలువల మీదుగా బందరుకూ వచ్చింది. నిజాం రైలు 1889లో బెజవాడ చేరాక మాత్రం సరుకు దారి మళ్ళింది. బందరు వరకు పట్టాలు రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది, అవీ కొసలైను పట్టాలే.

ఇంతలో ఊరు వేరే బతుకుతెరువులు వెదుక్కుంది, అవి తక్కువవేమీ కావు. 1902లో కృష్ణా పత్రిక, 1910లో జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఇక్కడివే. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి నేటికీ దృశ్య పరికరాలు చేస్తోంది. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, బందరు లడ్డు, పక్కనే ఉన్న పెడనలో అచ్చుదిమ్మలతో వేసే కలంకారీ, చేపల వేట, ఉప్పు కలిసి నేటి ఆదాయాన్ని నడుపుతున్నాయి. కలంకారీ రేవు లేకుండానే బతికిందంటే, బందరు చేతిపని రేవుకన్నా గట్టిదన్నమాట.

మంగినపూడి సమీపాన కొత్త ఓడరేవుకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అలలను ఆపే గోడలు, డ్రెడ్జింగ్‌తో లోతు సమస్యను ఇంజనీర్లు తీర్చగలరు. విశాఖ, కాకినాడ, కృష్ణపట్నం ఇప్పటికే పంచుకున్న సరుకులో వాటా రాబట్టడం అంతకన్నా కష్టం. అందుకే పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా ఇక్కడ ముగిసే 65వ జాతీయ రహదారి ఈ రేవుకు ముఖ్యం. తెలంగాణ సరుకు ఈ దారి పడితే రేవుకు పని దొరుకుతుంది.