కట్ట కాసినవాళ్లు

రైల్వే పర్మనెంట్ వే విభాగంలో పనిచేసినవాళ్లకు బాగా తెలిసిన రిజిస్టరు ఒకటి ఉంది. అందులో ఉండేవన్నీ చెరువుల పేర్లు. లైనుకు ఎగువన ఏ ఊళ్లో ఏ చెరువుంది, దాని కట్ట పొడవెంత, అలుగు ఎటువైపు, గండి పడితే ఆ నీళ్లు ఏ కిలోమీటరు దగ్గర లైనును తాకుతాయి, అక్కడి కల్వర్టు అంత నీటిని పోనిస్తుందా, ఇవన్నీ రాసి ఉంటాయి. 'రైల్వే ఎఫెక్టింగ్ ట్యాంక్స్' అని దాని పేరు. ఏటా వానలకు ముందే రైల్వే ఇంజనీర్లూ రాష్ట్ర నీటిపారుదల శాఖవాళ్లూ కలిసి వెళ్లి ఆ కట్టలు చూసి రావాలి. బిలాస్‌పుర్ డివిజన్‌లో నా ఉద్యోగం సగం పట్టాల మీద, సగం ఈ చెరువు గట్ల మీద గడిచింది. పట్టాల చరిత్ర రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. గట్ల గురించి రాసినవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

ఛత్తీస్‌గఢ్ మైదానం వరి దేశం. వాన బాగానే పడుతుంది గానీ అంతా నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. బిలాస్‌పుర్ మధ్యలోంచి పారే అర్పా నదిలో వేసవికి ఇసుక తప్ప ఏమీ మిగలదు. కాబట్టి వాన నీటిని పట్టి ఆపుకోకపోతే ఇక్కడ ఊరు నిలబడదు. బిలాస్‌పుర్‌కు ఉత్తరాన పాతిక కిలోమీటర్ల దూరంలో రతన్‌పుర్ ఉంది. పదకొండో శతాబ్దంలో కలచురి రాజు రత్నదేవుడు దాన్ని రాజధాని చేసుకున్నాడు. 1741లో మరాఠాలు వచ్చేదాకా ఆ వంశమే ఏలింది. అక్కడ పద్నాలుగు వందల చెరువులుండేవని జనం చెప్పుకుంటారు. లెక్క ఎవరు పెట్టారో గానీ, మహామాయ గుడి నుంచి ఏ దిక్కుకు నడిచినా కాసేపట్లో ఒక గట్టు ఎక్కాల్సిందే. ఛత్తీస్‌గఢీలో చెరువును తరియా అంటారు, గట్టును పార్ అంటారు. కొత్త తరియా తవ్వితే దానికి పెళ్లి చేస్తారు. చెరువు నడుమ సాల కర్రతో చేసిన స్తంభం పాతి, పెళ్లితంతు జరిపాకనే ఆ నీళ్లు పూజకు పనికొస్తాయి. ఎండాకాలంలో నీళ్లు తగ్గినప్పుడు దగ్గరికి వెళ్లి చూశాను. మునిగిన భాగం నల్లగా, రాయిలా గట్టిగా ఉంది. నీటిమట్టం ఎక్కి దిగే మేర మాత్రం నారలు లేచి చీలిపోయింది. ఆ చీలికల వరస చూసి ఊరి పెద్దలు ఏ ఏడు ఎంత నీరుందో చెబుతారు.

ఈ చెరువులు తవ్వినవాళ్ల పేర్లు శాసనాల్లో ఉండవు. పాటల్లో ఉంటాయి. దుర్గ్ ప్రాంతంలో దస్మత్ ఓడనిన్ కథ పాడతారు. ఆమె చెరువు తవ్వడానికొచ్చిన ఓడ్ కులపు మట్టిపని మనిషి. మన వడ్డెరలు పలుగూ పారా తట్టా పట్టుకుని, గాడిదల మీద సామాను వేసుకుని, పనున్న చోటికి ఊరు ఊరే కదిలి వెళ్లిన పని ఇదే. మట్టి ఎక్కడ తీయాలో, దాన్ని ఏ తేమ దగ్గర తొక్కాలో వాళ్లకు పాదాలతోనే తెలిసేది. తవ్విన గుంటలో మధ్యమధ్య మట్టి దిమ్మలు తవ్వకుండా వదిలేవారు. ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మ ఎత్తును బట్టే కొలిచి కూలి కట్టేవారు. రైలు కట్టలకూ ఇదే కొలత వాడారు.

బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. రాజ్‌నాంద్‌గావ్ దాకా అప్పటికే ఉన్న మీటర్ గేజ్ లైనును బ్రాడ్ గేజ్‌గా మార్చి, బిలాస్‌పుర్ మీదుగా అసన్‌సోల్ వైపు పొడిగించి 1891లో తెరిచారు. కట్నీ వైపు శాఖ బిలాస్‌పుర్ దగ్గర చీలడంతో ఇది జంక్షనైంది. చదునైన వరి పొలాల మధ్య లైను వేయాలంటే కట్ట పోయాలి. కట్టకు మట్టి పక్కనే తవ్వాలి. అలా లైను పొడవునా రెండు వైపులా గుంటలు మిగిలాయి. వానకు అవి నిండి తామరలూ తుంగా మొలిచాయి, కొంగలు చేరాయి. బిల్హా నుంచి భాటాపారా వైపు రైల్లో వెళ్తూ కిటికీలోంచి చూస్తే కనిపించే గుంటల్లో చాలావరకు ఎవరూ చెరువని తవ్వినవి కావు. రైలు కట్ట తాను లేవడానికి మట్టి తీసుకున్న చోట్లవి.

అయితే రైలు కట్ట పొలాలకు అడ్డంగా వేసిన గోడ. వందల ఏళ్లుగా ఒక చెరువు అలుగు పారి కింది చెరువులోకి, అక్కడి నుంచి వాగులోకి పోయే నీళ్లన్నీ ఇప్పుడు కల్వర్టు దగ్గర వరస కట్టాలి. ఎగువ చెరువు ఒకటి తెగితే దాని నీళ్లు రెండోదాన్ని తెంచుతాయి, రెండూ కలిసి మూడోదాన్ని. చివరికి వచ్చి గుద్దేది లైనునే. ఆ రిజిస్టరు పుట్టింది ఈ భయంలోంచే.

మా తాత పార్వతీపురం పక్క పల్లెవాడు. లైను వేసే గ్యాంగులో చేరి, 1931లో విజయనగరం నుంచి రాయ్‌పుర్ దాకా లైను పూర్తయ్యాక బిలాస్‌పుర్‌లో గ్యాంగ్‌మన్‌గా కుదురుకున్నాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అలా వచ్చి తార్‌బాహర్‌లోనూ తోర్వాలోనూ స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. బుధవారీ బజారులో ఇప్పటికీ సగం బేరాలు మన భాషలోనే నడుస్తాయి. తాతకు చదువు లేదు గానీ కట్టను చదవగలడు. వానాకాలం రాత్రి పెట్రోలింగుకు బయల్దేరేటప్పుడు మూడు రంగుల దీపం, డిటొనేటర్లు, ఈల, పెట్రోల్ బుక్కు సర్దుకునేవాడు. లైను పక్కనే చెరువుంటే ఆగి దీపం కిందికి దింపి ఊట చూసేవాడు. "నీరు తేటగా కారితే దాని మానాన దాన్ని పోనీరా. మట్టి కలిసొస్తే మాత్రం లోపల ఏదో తినేస్తంది, పరిగెత్తు" అనేవాడు.

ఆ మాటలో ఇంజనీరింగు అంతా ఉంది. మట్టికట్టలోంచి నీరు ఊరడం సహజం. ఆ ఊట మట్టిరేణువుల్ని మోసుకురావడం మొదలుపెడితే లోపల సన్నటి గొట్టం ఏర్పడుతోందని అర్థం. ఆ గొట్టం కింది నుంచి పైకి పెరుగుతూ చెరువు నీటిని అందుకుంటే గంటల్లో గండి. చాలాసార్లు దానికి దారి తీసేవి పందికొక్కుల బొరియలు, ఎండ్రకాయల కన్నాలు. కోట్మీ సోనార్ స్టేషను పక్క ఊళ్లో చెరువుల నిండా మొసళ్లు. అవీ గట్టు కింద సొరంగాలు తవ్వుకుని ఎండాకాలం గడుపుతాయి. 2006లో వాటికోసం అక్కడ ఒక పార్కు ఏర్పాటు చేశారు. మొసలి బొరియ ఉన్న గట్టును తనిఖీ చేయడమంటే ఎవరికైనా గుండె దడే.

బొరియలు తవ్వే జంతువుల్ని చూసి చూసి, కట్ట కట్టే జంతువును చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉండేది. మన దేశంలో బీవర్లు లేవు. మనకు దగ్గరగా అంటే మంగోలియాలోనూ, చైనాలోని సింజియాంగ్ మూలనా ఉన్నాయి. టొరంటోలో ఉంటున్న మా అబ్బాయి ఒకసారి అల్గాన్క్విన్ పార్కుకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక బీవరు కట్టను కింది వైపు నుంచి చాలాసేపు చూశాను. బెరడు ఒలిచేసిన తెల్లటి కర్రలు ప్రవాహానికి ఎదురొడ్డి ఒరిగి ఉన్నాయి. వాటి సందుల్లో రాళ్లు, గడ్డి, ఆకులు. పై వైపున బురద మెత్తారు. ఊట అంతటా కారుతోంది, తేటగా. ఒక మూల మాత్రం తాజా బురద, అప్పుడే పెట్టిన చేతిముద్రల్లాంటి గుర్తులతో. రాత్రి ఎవరో వచ్చి సరిచేసి వెళ్లారు. మా గ్యాంగ్‌మన్ పనితనం కనిపించింది నాకు.

బీవరు కట్ట కట్టేది నీళ్లు దాచుకోవడానికి కాదు, తలుపు దాచుకోవడానికి. దాని గూటి వాకిలి నీళ్ల కింద ఉంటుంది. చలికాలంలో పైన మంచు గడ్డకట్టినా వాకిలి మూసుకుపోనంత లోతు కావాలి. తోడేలుకు అందకూడదు. ఆ లోతు సహజంగా ఉన్న పెద్ద నదుల్లో అది కట్ట జోలికే పోదు, ఒడ్డున బొరియ తవ్వుకుని ఉంటుంది. చేపలు ముట్టదు. విల్లో, ఆస్పెన్ చెట్ల బెరడు తింటుంది. కొమ్మలు కొరికి గూటి పక్కన నీళ్ల అడుగున గుచ్చి పెట్టుకుంటే మంచు కాలమంతా అదే తిండి. పళ్ల ముందువైపు పింగాణీలో ఇనుము ఉండడం వల్ల అవి నారింజ రంగులో ఉంటాయి. పెదాలు ఆ పళ్ల వెనక మూసుకుంటాయి కాబట్టి నీళ్లలోనూ కొరకగలదు. తల్లీ తండ్రీ, నిరుటి పిల్లలు, ఈ ఏటి పిల్లలు అంతా ఒకే గూట్లో ఉంటారు.

స్వీడన్‌కు చెందిన లార్స్ విల్సన్ 1960లలో వీటిని పెంచి పరీక్షించాడు. ఎన్నడూ కట్ట చూడని పిల్ల బీవర్లు కూడా కట్ట కట్టాయి. పారే నీటి చప్పుడును స్పీకరులో వినిపిస్తే, అక్కడ నీళ్లే లేకపోయినా వచ్చి కర్రలూ బురదా కుప్పపోశాయి. చప్పుడే వాటికి పిలుపు. రాత్రి గట్టు మీద దీపం దింపి చెవి ఒగ్గి నిలబడ్డ తాత చేసింది కూడా అదే గదా అనిపించింది. బీవరు పోయిన కట్ట ఎక్కువ కాలం నిలవదు. ఎక్కడో కారడం మొదలవుతుంది, మూసేవాడు ఉండడు, తెగుతుంది, చెరువు చోట పచ్చిక మిగులుతుంది. టోపీల కోసం, దాని మైనపు కస్తూరి కోసం చంపగా చంపగా 1900 నాటికి యూరప్, ఆసియా రెండింట్లోనూ కలిపి పన్నెండు వందలే మిగిలాయి. కాపాడి, తెచ్చి వదిలాక ఇప్పుడవి పది లక్షలు దాటాయి.

రైలుకూ బీవరుకూ పడదు. కల్వర్టు నోటిని అది తన కట్టకు కుదిరిన చోటు అనుకుంటుంది. 1992లో ఒంటారియోలోని నకీనా దగ్గర ఎగువ బీవరు కట్ట తెగి రైలు కట్టను కోసేసింది. గూడ్సు రైలు ఆ గండిలో పడి ఇద్దరు సిబ్బంది చనిపోయారు. అది చదివినప్పుడు నాకు వలిగొండ గుర్తొచ్చింది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, కుండపోత వానకు ఎగువ చెరువులు తెగి అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర లైను కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న డెల్టా ప్యాసింజరు ఆ చీకట్లో అక్కడికి వచ్చింది. 114 మంది పోయారు. ఆ వార్త విన్న రోజు మా డివిజన్‌లో ఎవరికీ అన్నం దిగలేదు.

కట్ట తెగడానికి వాన ఒక్కటే కారణం కాదు, చూసేవాడు లేకపోవడం కూడా. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో ఎక్కువ చెరువులు ఒకప్పుడు మాల్గుజార్లవి. మంచివాళ్లేమీ కాదు వాళ్లు, శిస్తు పిండుకునేవాళ్లు. కానీ చెరువు నిండితేనే శిస్తు వచ్చేది కనుక ఏటా గట్టుకు మట్టి వేయించేవారు. 1897లోనూ 1900లోనూ కరువులు పడ్డప్పుడు గంజి పోసి చేయించిన పనుల్లో చెరువు తవ్వకం ఒకటి. ఆ దెబ్బతోనే ప్రభుత్వం పెద్ద కట్టలకు దిగింది. రతన్‌పుర్ దాటాక ఖారంగ్ నది మీద ఖూటాఘాట్ కట్ట అలా 1930 ప్రాంతంలో పూర్తయింది. 1951 మార్చి 31న మాల్గుజారీ రద్దయింది. రద్దు కావలసినదే. అయితే చెరువులు కాగితం మీద ప్రభుత్వానికి చేరాయి గానీ, ఏటా వేయాల్సిన ఆ నాలుగు తట్టల మట్టి ఎవరి బాధ్యతన్నది ఎక్కడా కుదుటపడలేదు. నేను చూసిన చాలా గట్ల మీద తుమ్మలు మొలిచి, వేళ్లు కుళ్లి, కుళ్లిన వేళ్ల దారుల్లో నీరు నడుస్తుండేది.

2003లో బిలాస్‌పుర్ కొత్త రైల్వే జోన్‌కు ముఖ్యస్థానమైంది. ఊరు పెరిగింది. చుట్టుపక్కల చిన్న తరియాలు చాలా పూడ్చి ప్లాట్లు వేశారు. ఒక్క కోప్రా జలాశయానికి మాత్రం వలస పక్షుల పుణ్యమా అని 2025 డిసెంబరులో చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, ఛత్తీస్‌గఢ్‌లో మొదటిది. సంతోషం. మిగతావాటి మాట వేరు. చెరువు పూడిపోతే రిజిస్టరులో దాని పేరు మీద గీత గీసి, ప్రమాదం లేదు అని రాస్తాం. తెగడానికి కట్టే లేదు కాబట్టి ఆ మాట నిజమే. కానీ ఆ చెరువు ఆషాఢమంతా పట్టి ఉంచి నెమ్మదిగా వదిలిన నీళ్లు ఇప్పుడు ఒక్క రాత్రిలోనే కల్వర్టు దగ్గరికొస్తాయి. కల్వర్టు మాత్రం పాత కొలతే. కొట్టేసిన చెరువులకు ఆ రిజిస్టరులోనే వేరే పేజీ తెరవాలి. దాని ఎదురుగా అది పట్టిన నీరెంతో, దిగువ కల్వర్టు నంబరేదో, దాన్ని ఎంత వెడల్పు చేయాలో రాయాలి. మే నెల తనిఖీకి ఇంజనీర్లు వెళ్లినప్పుడు ఆ ప్లాట్ల దగ్గర కూడా ఆగి, పాత గట్టు ఆనవాళ్లు పట్టుకుని వాలు ఎటుందో కొలవాలి. పాత సర్వే పటాల్లో ఆ చెరువులన్నీ ఇంకా ఉన్నాయి, మొదలుపెట్టడానికి అవి చాలు.