బ్యాకప్ తీస్తే సరిపోదు, తిరిగి ఎక్కించి చూడాలి

 

బడిలో ఒక పిల్లవాడి వివరాలు ఎన్ని చోట్ల ఉంటాయో గమనించారా? అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, మార్కుల జాబితా, ఫీజు పుస్తకం. పట్టికలు వేరైనా వాటన్నిటినీ కలిపేది ఒక్క అడ్మిషన్ నంబరే. ఇలా పట్టికలను సంబంధాలతో ముడివేసి దాచేదే రిలేషనల్ డేటాబేస్. ఈ పద్ధతిని 1970లో ఈ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించారు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఈ కోవకు చెందినవే.

టీసీ కోసం వచ్చిన బిడ్డతో "నీ రికార్డు పోయిందమ్మా" అనాల్సిన రోజు ఏ బడికీ రాకూడదు. అందుకే కంప్యూటర్ నేర్చుకుంటున్న పై తరగతి పిల్లల కోసం, వాళ్ల పక్కన కూర్చుని చూసే పెద్దల కోసం ఈ వ్యాసం.

కంటైనర్ వేరు, వాల్యూమ్ వేరు

ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసినవన్నీ కలిపి ఒకే పెట్టెగా కట్టి నడిపితే అది కంటైనర్. 2013లో వచ్చిన డాకర్‌తో ఈ పద్ధతి అందరికీ అందింది.

కంటైనర్ పెళ్లిపందిరి లాంటిది. వేయడం తేలిక, విప్పడం తేలిక. నగలు మాత్రం ఇంట్లో ఇనప్పెట్టెలో పెడతాం కదా, ఆ ఇనప్పెట్టె పేరు వాల్యూమ్. డేటాబేస్ కంటైనర్‌కు పేరు పెట్టిన వాల్యూమ్ జోడించకపోతే, దాన్ని తీసేసి కొత్తది పెట్టినప్పుడు పాత డేటా అందులో కనిపించదు. ఇంకో జాగ్రత్త: డాకర్ కంపోజ్‌లో 'డౌన్' ఆజ్ఞకు 'హైఫన్ వీ' తగిలిస్తే వాల్యూములు కూడా పోతాయి.

వాల్యూమ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అంటారా? పొరపాటున ఒక తరగతి మార్కులన్నీ చెరిపేస్తే వాల్యూమ్‌లోనూ చెరిగిపోతాయి. వేరే కాపీ ఉండి తీరాలి.

బ్యాకప్ తీసే తీరు (పోస్ట్‌గ్రెస్)

1. డేటాబేస్ నడుస్తుండగా వాల్యూమ్‌లోని ఫైళ్లను అలాగే కాపీ చేయకండి. సగం రాసిన పేజీలు వచ్చి ఆ కాపీ పనికిరాకుండా పోవచ్చు. 'డాకర్ ఎగ్జెక్' ద్వారా కంటైనర్ లోపలే 'పీజీ డంప్' నడపండి. అది మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే తీస్తుంది. ఆఫీసులో నమోదు పని ఆపనక్కర్లేదు.

2. కస్టమ్ ఫార్మాట్ ఎంచుకోండి. ఫైలు చిన్నదవుతుంది, తర్వాత కావలసిన పట్టికను మాత్రమే తీసుకోవచ్చు.

3. ఫైలును కంటైనర్ లోపలే రాయించి, 'డాకర్ సీపీ'తో బయటికి తెచ్చుకోండి. విండోస్ పవర్‌షెల్ 5.1లో బాణం గుర్తుతో ఫైలులోకి మళ్లిస్తే ఎన్‌కోడింగ్ మారిపోతుంది. కస్టమ్ ఫైలు చెడిపోతుంది, మామూలు ఫైలులో తెలుగు పేర్లు గజిబిజి కావచ్చు. మన రికార్డుల్లో పేర్లు తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉంటాయి కాబట్టి మనకు ఇది ముఖ్యం.

4. 'పీజీ డంప్' ఒక డేటాబేస్‌నే తీస్తుంది. యూజర్లు, వాళ్ల పాస్‌వర్డులు అందులో రావు. వాటికి 'పీజీ డంప్ ఆల్'ను 'గ్లోబల్స్ ఓన్లీ' ఎంపికతో విడిగా నడపాలి.

5. ఒక కాపీ ఆ కంప్యూటర్లో కాకుండా, వేరే చోట ఉంచండి. అందులో పిల్లల పుట్టిన తేదీలు, చిరునామాలు ఉంటాయి. తాళం వేసే చోటే ఉంచాలి.

తిరిగి ఎక్కించడం

అసలు డేటాబేస్ జోలికి పోకండి. అదే వెర్షన్‌తో, ఖాళీ వాల్యూమ్‌తో మరో కంటైనర్ లేపండి. ముందు యూజర్లను ఎక్కించి, ఖాళీ డేటాబేస్ సృష్టించి, 'పీజీ రీస్టోర్' నడపండి. తర్వాత ఈ నాలుగూ చూడండి:

- ప్రతి పట్టికలో వరుసల సంఖ్య సరిపోయిందా?
- చివరిసారి నమోదు చేసిన తేదీ కనిపిస్తోందా?
- ఒత్తులు, గుణింతాలు ఉన్న పేర్లు సరిగ్గా ఉన్నాయా?
- ఒక విద్యార్థి అడ్మిషన్ నంబరు కొడితే హాజరు, మార్కులు, ఫీజు అన్నీ వస్తున్నాయా?

సరిపోతే ఆ కంటైనర్‌నూ, దాని వాల్యూమ్‌నూ తీసేయండి. కంటైనర్ వల్ల అసలు లాభం ఇదే. పరీక్షకు వేరే కంప్యూటర్ కొనక్కర్లేదు, ఉన్నదాన్ని చెడగొట్టే భయం లేదు.

పెద్ద సంస్థకూ తప్పలేదు

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, రెండో సర్వర్‌లో తీసేయాల్సిన డేటాబేస్ ఫైళ్లను పొరపాటున అసలు సర్వర్‌లో తీసేశారు. సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్ కోసం వెతికితే అదీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, దానిపై 9.2 వెర్షన్ 'పీజీ డంప్' నడుస్తూ ప్రతిసారీ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ చివరికి ఆదుకుంది. మధ్యలో చేరిన సమాచారం మాత్రం తిరిగి రాలేదు.

అంత అనుభవమున్న వాళ్లకు కూడా బ్యాకప్ ఏర్పాటు ఉంది, తిరిగి ఎక్కించి చూసే అలవాటు లేదు. నెలకోసారి చూసి ఉంటే ఆ లోపం ముందే బయటపడేది. సంస్థ ఈ తప్పును దాచకుండా లోకానికి చెప్పింది కాబట్టే మనం నేర్చుకోగలుగుతున్నాం.

మీరు చేయవలసింది

విద్యార్థులూ, సాధన చేసేటప్పుడు కల్పిత పేర్లే వాడండి. తోటి పిల్లల నిజమైన వివరాలు వద్దు. పది వరుసల పట్టిక చేయండి, బ్యాకప్ తీయండి, కంటైనర్‌నూ వాల్యూమ్‌నూ మీరే తీసేయండి, తిరిగి ఎక్కించండి. ఒకసారి చేతులతో చేస్తే జన్మలో మర్చిపోరు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. టీసీ, మార్కుల జాబితా చేతికి రాగానే పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి, నకళ్లు రెండు తీసి విడివిడిగా దాచండి. కంప్యూటర్‌కైనా, ఇంట్లో బీరువాకైనా సూత్రం ఒక్కటే.

– ప్రధానోపాధ్యాయుడు