శ్రీముఖ నామ సంవత్సరము: శా.శ. 1135

ఇట్టి సంచికలలో మన విశ్వబ్రాహ్మణ వంశముయొక్క ప్రాచీనతను వేదపురాణములనుండి నిరూపించు వ్యాసములు తఱచుగాఁ గానవచ్చుచుండును. అవి యుండఁదగినవే. అయినను మేమీ పర్యాయము పురాణకాలమునకుఁ బోక, మన మహబూబాబాదు, జనగామ, భూపాలపల్లి ప్రాంతమునకు మిక్కిలి చేరువనున్న యొక్క సంవత్సరమును మాత్రమే తీసికొని, ఆ యేఁట నేమి జరిగినదో, అందు మన పాలెంతయో విచారింపఁబూనితిమి.

ఆ వత్సరము శాలివాహన శకము 1135, శ్రీముఖము. శకవర్షమునకు 78 కూడినచో క్రీస్తుశకము 1213 అగును. ప్రభవాదిగా లెక్కింపఁగా శ్రీముఖ మేడవది. అఱువదేండ్ల కొకమాఱు తిరిగివచ్చు నీ చక్రమునందు, 1993లో మనలోఁ బెద్దలందఱు చూచిన శ్రీముఖము ఆ నాఁటినుండి పదుమూఁడవ యావృత్తి. పాలంపేట శిలాశాసనమునందు శ్రీముఖ సంవత్సర చైత్ర శుద్ధాష్టమి, పుష్యమీ నక్షత్రము, ఆదివారము అని తిథి చెప్పఁబడినది. అది క్రీ.శ. 1213 మార్చి 31వ తేది. ఆ దినము గణితమున ఆదివారమే యగుచున్నది. తిథివారములు రెండును గణితముతో నిట్లు పొసఁగుట శాసనముయొక్క ప్రామాణ్యమునకు దృఢమైన యాధారము.

పాలంపేట నేఁడు ములుగు జిల్లాలోనిది. 2019 వఱకు జయశంకర భూపాలపల్లి జిల్లాలో నుండెను. అచ్చట రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి, ఆ దేవుని యంగరంగభోగములకు గ్రామముల నొసఁగినవాఁడు రేచర్ల రుద్రసేనాని. ఈతఁడు సామాన్యుఁడు కాఁడు. కాకతి మహాదేవరాజు దేవగిరి యాదవులతోడి యుద్ధమున మడిసి, కుమారుఁడైన గణపతిదేవుఁడు శత్రువులచేతఁ జిక్కిన దుర్దినములలో, ఓరుగంటి రాజ్యము చెదరిపోకుండ నిలిపినవాఁడీ రుద్రుఁడే. 1199లో గణపతిదేవుఁడు సింహాసన మెక్కెను. పదునాలుగేండ్లకు, రాజ్యము నిలదొక్కుకొన్న పిదప, సేనాని యీ యాలయశాసనమును నిలిపెను. కాఁబట్టి 1213 ఓరుగంటివారికి ఆపద గడిచి, నిర్మాణమునకుఁ దీఱిక దొరకిన కాలము.

ఆ శ్రీముఖమునకే చెందిన మఱియొక శాసనము గుంటూరు జిల్లా చేబ్రోలున నున్నది. అది గణపతిదేవుని గజసేనాధిపతియగు జాయపది. దివిసీమ నేలిన అయ్య వంశమునఁ బుట్టిన యీతని యక్కచెల్లెండ్రగు నారాంబ, పేరాంబలను గణపతిదేవుఁడు వివాహమాడెను. తామ్రపురి యనఁబడిన చేబ్రోలును రాజొసఁగఁగా, జాయప యచ్చటఁ దన తండ్రి పేర చోడేశ్వరుని నిలిపెను. ఈ జాయపయే తరువాత 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. ఈ రెండు తేదులను ప్రక్కప్రక్కను బెట్టి చూడుఁడు. నృత్తరత్నావళిని ముందుంచుకొని పాలంపేట శిల్పులు నాట్యభంగిమలను జెక్కిరని కొందఱు చెప్పుచుందురు. ఆలయశాసనము 1213 నాఁటిది. గ్రంథము నలువదేండ్లకుఁ బిమ్మటిది. ఆలయపుఁ బని నలువదేండ్లు సాగెనను మాటను ఒప్పుకొన్నను, గ్రంథము వెలువడు నాఁటికి ఉలి పని ముగియవలెను. గ్రంథము చూచి శిల్పులు చెక్కిరనుట కంటె, శిల్పులును గ్రంథకర్తయు నొకే కాలపు నాట్యమును గన్నులారఁ జూచిరనుట యుక్తము. శిల్పి శాస్త్రమునకు బంటు కాఁడు, శాస్త్రకర్తకు సమకాలికుఁడు.

ఇఁక లోకమున ఆ యేఁట నేమి జరుగుచుండెనో చూతము. ఢిల్లీలో ఇల్తుత్‌మిష్ సింహాసన మెక్కి రెండేండ్లయ్యెను. దేవగిరిని సింఘణుఁడును, ద్వారసముద్రమును రెండవ వీరబల్లాళుఁడును, చోళదేశమును మూఁడవ కులోత్తుంగుఁడును ఏలుచుండిరి. చీనాదేశపు టుత్తరభాగముపై చెంగిజ్‌ఖాను దండెత్తియుండెను. ఆ సంవత్సరమే అచ్చటి జిన్ చక్రవర్తిని సొంత సేనాపతియే చంపించెను. ఇంగ్లండు రాజు జాన్ మే 15న తన రాజ్యమును రోమునగరపు పోపునకు సమర్పించి, ఆతని సామంతుఁడుగా మరల గ్రహించెను. సెప్టెంబరు 12న మ్యురే యుద్ధమున అరగాను రాజు రెండవ పీటరు కూలెను. ఆ నెల 28న హంగరీ రాణి గెర్‌ట్రూడ్ హత్య చేయఁబడెను. జననములలో నొకటి స్మరింపఁదగినది: రక్తము హృదయమునుండి ఊపిరితిత్తులలోనికిఁ బోయి మరలివచ్చునని తొలుతఁ జెప్పిన వైద్యుఁడు ఇబ్న్ అల్ నఫీస్ ఆ సంవత్సరమునందే డమాస్కస్ నగరమునఁ బుట్టెనని చెప్పుదురు.

ఈ పట్టికలో పుట్టినవారును గిట్టినవారును రాజులు, రాణులు, పండితులు. పనివాఁడొక్కఁడును లేఁడు. మంగోలులు పట్టణములను గాల్చునప్పుడు సైతము వృత్తిపనివారిని చంపక తమ దేశమునకుఁ దరలించుకొనిపోవుచుండిరఁట. శత్రువునకుఁ గూడ పనివాని వెల తెలియును. చరిత్రకే పనివాని పేరు తెలియలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఆ యాలయమును లోకము రుద్రేశ్వరాలయ మనదు, రామప్ప గుడి యనును. దాతయైన సేనాని పేరు మరుగుపడి, స్థపతి పేర గుడి ప్రసిద్ధి కెక్కెనని మన పెద్దలు చెప్పుచుందురు. ప్రతి మహాసభలోను ఈ మాట విన్నపుడు మన గుండె లుప్పొంగును. అయితే సత్యమును దాఁచరాదు. శాసనమునందు రామప్ప పేరు లేదు. అది దాతయొక్క వంశమును, పరాక్రమమును, దానమును చెప్పుటకు వ్రాయఁబడినది; స్థపతిని దలంచుట దాని పని కాదు. శాసనమునఁ బేరు లేనంత మాత్రమున మనిషి లేఁడనుట తర్కము కాదు. ఐతిహ్య మున్నంత మాత్రమున శాసనమున్నట్లు చెప్పుటయు తర్కము కాదు. రామప్ప యను పేరు జనుల నోట నెనిమిది నూఱేండ్లకు మిక్కిలి ప్రియమై మిగిలినది. దానిని ఐతిహ్యమనియే గౌరవముతోఁ జెప్పుదము. ఎవ్వఁడేని వచ్చి ప్రమాణ మడిగినపుడు తలదించుకొనవలసిన మాట మన వేదికపై రాకుండుట మన గౌరవమునకే మేలు.

పేరు లేకున్నను పని యున్నది. పనియే మన శాసనము. గుడి గోడలు ఇసుకఱాతివి. స్తంభములును దూలములును నల్లఱాతివి, గట్టిఱాతివి. ఆ నల్లఱాతిని అద్దమువలె మెఱుఁగుపెట్టిన చేతి యోర్పు నేఁటి యంత్రమునకును దుర్లభము. వెలుపలి స్తంభములపైఁ జూరు క్రింద నిలిచిన మదనికల కంఠహారములలోని సందులను చూచినవా రవి ఱాతిలోఁ జెక్కినవని నమ్మఁజాలరు. పునాది గుంటలో నిసుక నింపి, దానిపై భారము నిలిపిరి. శిఖరమునకు మాత్రము గుల్లగానుండి నీట దేలు తేలిక యిటుకలను వాడి, క్రింది కంబములపై బరువును దగ్గించిరి. భారమును లెక్కించి, ఎచ్చట నేది వాడవలెనో నిర్ణయించిన బుద్ధి యీ నిర్మాణమంతట నున్నది. 2021 జూలై 25న యునెస్కో సంస్థ ఈ యాలయమును ప్రపంచ వారసత్వ స్థలముగాఁ బ్రకటించుటకు నా బుద్ధియే ముఖ్యకారణములలో నొకటి.

మను, మయ, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞులని మన పంచకర్తలను జెప్పుకొందుము; ఇనుము, కొయ్య, కంచు, ఱాయి, బంగారము వారి వృత్తులు. ఈ గుడి శిల్పి వంశమువారిదే యని తలంచుట చాలదు. ఉలిని చేసి, దినదినము పదును పెట్టిన కమ్మరి లేక యొక్క మదనికయు లేదు. ఱాయి నెత్తు పరంజు కట్టిన వడ్రంగి లేక దూలము పైకెక్కదు. ఇంతటితో నాగరాదు. ఇటుక కాల్చినవారు, మన్ను త్రవ్వినవారు, గనినుండి బండ్లపై ఱాలు తోలినవారు, ఆ ప్రక్కనే రామప్ప చెఱువునకుఁ గట్ట పోసినవారు మన కులమువారే యనుటకు మన కధికారము లేదు. ఆ గుడిలో అనేక కులముల చెమట కలసియున్నది. మన వంతును సగర్వముగాఁ జెప్పుకొందము. ఇతరుల వంతును మనదిగాఁ జెప్పుకొనము. ఈ మాట కొందఱు పెద్దలకు రుచింపకపోవచ్చునని యెఱుఁగుదుము. రుచింపకున్నను చెప్పుట యుపాధ్యాయుని ధర్మము.

పొరుగు దేశములను జూడుఁడు. కన్నడ సీమలో హొయసళుల యాలయములందు శిల్పులు తమ పేళ్లను విగ్రహముల పీఠములపైఁ జెక్కుకొనిరి. 1117 నాఁటి బేలూరున దాసోజుని పేరును, 1258 నాఁటి సోమనాథపురమున మల్లితమ్మ యను శిల్పి పేరును నేఁటికినిఁ జదువవచ్చును. దాసోజుఁడు అను పేరులోని 'ఓజ' శబ్దము సంస్కృతోపాధ్యాయ శబ్దమునకుఁ బ్రాకృతమార్గమున వచ్చిన రూపము. మన యిండ్లపేళ్లలో కాసోజు, సిద్ధోజు, బ్రహ్మోజు మొదలగువాని చివర నున్నదియు నీ శబ్దమే. ఓజు అనఁగా గురువు. విద్య నేర్పువాఁడను గౌరవము మన యింటిపేరులోనే యున్నదని మన పిల్లలలో నెందఱెఱుఁగుదురు?

ఫ్రాన్సు దేశమున రేంసు నగరపు మహాదేవాలయము 1211లో నారంభింపఁబడినది. అనఁగా పాలంపేట శాసనమునకు రెండేండ్లు ముందు. అచ్చటి నేలపై పఱచిన పద్మవ్యూహమువంటి రేఖాచిత్రమునందు నలుగురు స్థపతుల పేళ్లు వ్రాసియుంచిరి. 1779లో ఆ రేఖాచిత్రమును తొలఁగించివేసిరి. అంతకుముందే యెవ్వరో దానిని కాగితముపై వ్రాసికొనుటచేత ఆ నాలుగు పేళ్లు నేఁటికిని నిలిచియున్నవి. ఱాయి పోయినను ప్రతి నిలిచినది. ఇదియే మన మహాసభకు మేము విన్నవింపఁదలఁచిన పాఠము.

మన ప్రాంతమున వ్రాసికొనవలసినవి కొల్లలుగా నున్నవి. మహబూబాబాదు జిల్లా బయ్యారమున గణపతిదేవుని చెల్లెలు మైలాంబ త్రవ్వించిన చెఱువు శాసనము కాకతీయుల వంశక్రమమును దెలుపుటలో మిక్కిలి ముఖ్యమైనది. జనగామ జిల్లా పెంబర్తిలో ఇత్తడి రేకుపై నగిషీ చెక్కు మన సోదరుల విద్యకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. కాని ఆ పనిముట్ల పేళ్లు, ఆ నగిషీ రీతుల పేళ్లు, లక్క పోయు విధానము, గురుశిష్యక్రమము పుస్తకమున కెక్కినది తక్కువ. వృద్ధుఁడైన యొక్క పనివాఁడు కన్నుమూసిన దినమున పెక్కు మాటలు ఆతనితోనే పోవును. ఇంటింట నటుకలపై నున్న తాటాకు ప్రతులు, వాస్తు లెక్కల పుస్తకములు చెదలపా లగుచున్నవి.

కావున మేము కోరునది భవనమును గాదు, బిరుదమును గాదు. ప్రతి గ్రామశాఖయు నొక బౌండు పుస్తకము పెట్టుకొని, తమ యూరి పనివారి పేళ్లు, వారు చేసిన పనులు, వారి గురువుల పేళ్లు తేదులతో వ్రాసియుంచవలెను. పోషకులు తాము కట్టించు ప్రతి గుడిమీఁద, ప్రతి రథముమీఁద, ప్రతి ధ్వజస్తంభపుఁ దొడుగుమీఁద తమ పేరుతోపాటు పనివాని పేరును జెక్కింపవలెను. ఇందులకు వ్యయ మించుకయు లేదు. నాలుగక్షరముల చోటు చాలును. రుద్రసేనాని శాసనమునం దా నాలుగక్షరములు లేకపోవుటచేతనే కదా నేఁడు మన మైతిహ్యము నాశ్రయింపవలసివచ్చినది!

శ్రీముఖము మరల 2053లో వచ్చును. మాకా భాగ్యము లేకపోవచ్చును. ఆ చైత్ర శుద్ధాష్టమి నాఁడు పాలంపేటకుఁ బోవు మన పిల్లలు, తమ కాలపు పనివాని పేరు తెలియదని చెప్పుకొను దుఃస్థితి కలుగకుండుఁగాక.

స్వస్తి.