చిరునామా లేని సందేశము

రేడియోలో వార్తలు చదువు వ్యక్తికి తన మాటలను ఏయే యిండ్లలో ఎవరెవరు వినుచున్నారో తెలియదు. వినువారు ఒక్కరైనను, లక్షమంది యైనను ఆ చదువులో మార్పుండదు. వినువారును స్టేషనుకు ముందుగా కబురంపనక్కరలేదు. తమకు కావలసిన స్టేషనుపై ముల్లును నిలిపినచో చాలును. ఉత్తరమునకు చిరునామా కావలెను, ప్రసారమునకు అక్కరలేదు. కంప్యూటరు ప్రోగ్రాములు తమలో తాము సందేశములు పంపుకొనుటకు కూడ ఈ రెండు మార్గములును గలవు. అందు రెండవదానికి ప్రచురణ–చందా పద్ధతి యని పేరు. అది ఎట్లు పెంపొందినదో, దాని వెంట ఏ చిక్కు వచ్చినదో ముచ్చటించుకొందము.

ఈ ఆలోచన కంప్యూటర్లకంటె ముందే గలదు. 1867లో న్యూయార్కు నగరమున ఎడ్వర్డు కాలహాన్ రూపొందించిన యంత్రము వాటాల ధరలను తంతి ద్వారా గ్రహించి కాగితపు పట్టీపై ముద్రించెడిది. ఒకే ధర అనేకమంది దళారుల కార్యాలయములకు ఒక్కమారుగా చేరెడిది.

నూరేండ్లు గడచిన పిమ్మట, వాటాల వ్యాపారము కంప్యూటర్లపాలైన కాలమున, ఈ అవసరమే మరల తలయెత్తినది. పది ప్రోగ్రాములు ఒక్కొక్కటి తక్కిన అన్నింటితోను నేరుగా మాటలాడవలెనన్న 45 జోడింపులు కావలెను. నూరు ప్రోగ్రాములకు 4,950 కావలెను. క్రొత్తది ఒకటి వచ్చినప్పుడెల్ల పాతవానిని సవరింపవలసియుండును. 1987లో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన కెన్నెత్ బర్మన్, థామస్ జోసెఫ్‌లు తమ ఐసిస్ వ్యవస్థను గూర్చి వ్రాసిన పత్రమున, విషయమునుబట్టి సందేశములు అందించు ‘వార్తల సేవ’ యొకటి కనిపించును. అదే దశకమున ముంబయిలో జన్మించిన వివేక్ రణదివే అమెరికాలో టెక్‌నెక్రాన్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ అను సంస్థను నెలకొల్పి, ఈ పద్ధతిని వ్యాపారశాలలకు కొనిపోయెను.

ఆ సంస్థవారు 1993లో ప్రకటించిన ‘ఇన్ఫర్మేషన్ బస్’ పత్రములోని ఉదాహరణము మిక్కిలి తేటగా నున్నది. డౌజోన్స్, రాయిటర్స్ సంస్థల నుండి వచ్చు వార్తలు వేర్వేరు రూపములలో నుండును. వానిని ‘వార్త’ అను ఒకే సామాన్యరకమునకు చెందిన రెండు ఉపరకములుగా మలచి ప్రచురింతురు. తెరపై చూపు ప్రోగ్రాము చందాదారై వానిని అందుకొనును. కొన్నాళ్లకు, వార్తలలోని ముఖ్యపదములను ఏరు ప్రోగ్రామొకటి క్రొత్తగా వచ్చి చేరినను పాతవానిని మార్చవలసిన పనిలేదు. ప్రతి సందేశమును తన స్వరూపమును తానే చెప్పుకొనుట ఆ నిర్మాణమునకు మూలసూత్రములలో నొకటి.

ఈ సూత్రము ఎందుల కవసరమైనది? పచారీ కొట్టునకు పంపిన చీటీలో ‘బియ్యము 5’ అని మాత్రమే వ్రాసినచో, కిలోలా, బస్తాలా యని కొట్టువాడు అడిగి పంపును. ప్రసారమున అట్లు అడుగుటకు వీలులేదు; పంపినవాడెవరో అందుకొన్నవానికి తెలియదు. కావున ఎదుటివానిని ఎరుగకుండుటలో ఎంత స్వేచ్ఛ గలదో, అంత ప్రమాదమును గలదు.

ఈ ప్రమాదము ఎంతటిదో తెలియుటకు అంగారకయాత్ర యొకటి నిదర్శనము. అది ప్రచురణ–చందా పద్ధతిలో జరిగిన దోషము కాదు; ఒక ఫైలు ద్వారా జరిగినది. అయినను రోగమొక్కటే. 1998 డిసెంబరు 11న అమెరికా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకలోని చిన్న రాకెట్ల ప్రభావమును భూమిపైనున్న ఒక ప్రోగ్రాము లెక్కకట్టి వ్రాసెడిది. మరియొకటి దానిని చదివి నౌక మార్గమును నిర్ణయించుటకు వాడెడిది. వ్రాసినది పౌనుల లెక్క. చదివినది న్యూటన్ల లెక్క. ఒక పౌను బలము సుమారు 4.45 న్యూటన్లకు సమానము. అంకెలు చెక్కుచెదరక చేరినవి. అర్థము మాత్రము చేరలేదు. 226 కిలోమీటర్ల ఎత్తున సాగవలసిన నౌక సుమారు 57 కిలోమీటర్లకు దిగి, 1999 సెప్టెంబరు 23న మనకు దక్కకుండ పోయినది.

దీనికి విద్వాంసులు కనుగొన్న మందు ‘రకము’. సందేశమునందు ఏయే అంశములు గలవో, ఒక్కొక్కటి అంకెయో, పేరో, తేదీయో ముందుగా ప్రకటించుటయే రకనిర్ణయము. 2001లో లొసాన్‌లోని స్విస్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పాట్రిక్ యూగ్‌స్టర్, రషీద్ గెర్రావీలు, క్రిస్టియన్ డామ్‌తో కలిసి, చందానే రకమును బట్టి కట్టు విధానమును ప్రతిపాదించిరి. అందు శీర్షికకు మారుగా సందేశపు రకమే గుర్తు. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు వేళనే పొరపాటు బయటపడును. సందేశము బయలుదేరిన పిదప కాదు.

తరువాత కాలము మరియొక పరీక్ష పెట్టినది. లింక్‌డిన్ సంస్థలో జే క్రెప్స్, మన దేశమున పుట్టిన నేహా నార్ఖేడే, జున్ రావ్ రూపొందించిన కాఫ్కా 2011లో అందరికిని విడుదలయ్యెను. అది సందేశములను దాచియుంచును. చందాదారులు తమ తీరికనుబట్టి చదువుకొందురు. కాని దాని దృష్టిలో సందేశము కేవలము బైట్ల వరుస. నిన్న వ్రాసినదానిని రేపటి ప్రోగ్రాము చదువవలెనన్న, రకములు మారినను పొత్తు చెడరాదు. ఇందులకై ఆ ముగ్గురే స్థాపించిన కాన్‌ఫ్లుయెంట్ సంస్థ 2015లో రకముల పట్టికను నిర్వహించు సేవను వెలువరించెను. క్రొత్త అంశమును చేర్చువారు, అది లేని పాత సందేశములకు ఏ విలువను గ్రహింపవలెనో కూడ చెప్పవలెను. పొసగని మార్పును ఆ సేవ త్రోసిపుచ్చును.

అయినను రకము సర్వరోగనివారిణి కాదు. ‘ఇది అంకె’ యని చెప్పిన రకము అంగారకనౌకను కాపాడజాలదు. ‘ఇది న్యూటన్ల లెక్క’ యని చెప్పిన రకమే కాపాడగలదు. ఎంత చెప్పవలెనో నిర్ణయించు బాధ్యత మనుష్యునిదే. కార్యక్రమ పట్టికలో ఏడు గంటలకు వార్తలని అచ్చయినచో, ఆ వేళకు వార్తలే వినవచ్చునని శ్రోత నమ్మును. ముఖమెరుగనివారికి మాట పంపువాడు ఆ మాటను నిలుపుకొనవలెను.