వాకపల్లి తీర్పు తర్వాత: నేరం ఎవరిది, బాధ్యత ఎవరిది?

2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు కూంబింగ్ కోసం వాకపల్లికి వెళ్లారు. అది విశాఖ ఏజెన్సీలో, జి.మాడుగుల మండలంలోని ఆదివాసీ గూడెం. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. ఇదంతా మావోయిస్టుల ప్రచారమని పోలీసు అధికారులు కొట్టిపారేశారు.

కేసు పదిహేనేళ్లకు పైగా నడిచింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. నిందితుల గుర్తింపు పరేడ్ కూడా జరపని దర్యాప్తును తప్పుపట్టింది. మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పరిహారానికి అర్హులైన మహిళలు ఉన్నారు, నేరస్తుడు మాత్రం లేడు. మరి ఈ అన్యాయానికి జవాబుదారీ ఎవరు?

సామూహిక బాధ్యత అంటే

ఒకడి పేరు చెప్పి వాడ మొత్తాన్ని వెలివేయడం ఏమిటో దళితులకు తెలుసు. అది సామూహిక శిక్ష. సామూహిక బాధ్యత వేరు. నేరం వ్యక్తిదే అయినా, రాజ్యం తమ పేరున చేసిన పనులకు పౌరులు రాజకీయంగా బాధ్యులేనని జర్మన్ తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1946లోనే వాదించాడు.

సాయుధ సంఘర్షణలో అత్యాచారం ఒక్కడి పనిగా మిగలదు. పంపిన అధికారి, చూసీ ఆపని సహచరుడు, సాక్ష్యాన్ని చేజార్చిన దర్యాప్తు, నమ్మని సమాజం అందులో భాగమవుతారు. రువాండాలో మేయర్‌గా పనిచేసిన అకయేసు స్వయంగా అత్యాచారం చేశాడని ఎవరూ అనలేదు. అయినా తన కార్యాలయం దగ్గర జరిగిన అత్యాచారాలను ప్రోత్సహించినందుకు అంతర్జాతీయ ట్రిబ్యునల్ 1998లో అతన్ని దోషిగా తేల్చింది.

మన చట్టంలో

కింది సిబ్బంది చేసే లైంగిక నేరాలకు పై అధికారిని కూడా బాధ్యుణ్ణి చేయాలని జస్టిస్ వర్మ కమిటీ 2013లో సిఫార్సు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం దాన్ని వదిలేసింది. అయితే లైంగిక నేరాల్లో ప్రభుత్వోద్యోగిని విచారించడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదని మాత్రం చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ ప్రకారం, కావాలని విధి నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీయేతర ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు శిక్ష పడుతుంది. దర్యాప్తు దెబ్బతిన్న ప్రతి కేసులోనూ ఉద్యమాలు ఈ సెక్షన్‌ను అడగాలి.

తార్నాకకు ఏం సంబంధం

ప్రభుత్వం దీన్ని యుద్ధమని ఒప్పుకోదు, శాంతిభద్రతల సమస్య అంటుంది. తుపాకుల మధ్య బతికే గూడేలకు ఆ తేడా లేదు. 2007లో ఆ పోలీసులను నడిపిన ప్రభుత్వం హైదరాబాద్‌లోనే ఉండేది. ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాక అద్దె గదుల్లో ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుతున్న వాళ్లలో మన వాడల పిల్లలూ ఉన్నారు. రేపు కూంబింగ్‌కు వెళ్లేది, ఫిర్యాదు రాసుకునేది, దర్యాప్తు చేసేది వాళ్లే కావచ్చు. వాకపల్లిలో వాళ్లెవరూ నేరం చేయలేదు. కానీ సహచరుడి నేరాన్ని దాచడం విధేయత కాదని నేర్చుకోవాల్సిన బాధ్యత వాళ్లది. ఆ విషయం క్యాంపస్‌లోనే మాట్లాడుకోవాలి.