నూట అరవై చదరపు అడుగుల బొంబాయి

1896 సెప్టెంబరులో బొంబాయి రేవును ఆనుకుని ఉన్న మాండ్వీలో డాక్టర్ అకాసియో వియెగాస్ ప్లేగు జాడ పట్టారు. ధాన్యం గోదాములూ, వాటి మధ్య గాలీ వెలుతురూ దూరని ఇళ్లూ ఉన్న పేట అది. కొద్ది నెలల్లోనే ఎనిమిది లక్షల పైచిలుకు జనం ఉన్న నగరం దాదాపు సగం ఖాళీ అయింది. పోయినవాళ్లు పోగా, మిగిలినవాళ్ల ఇళ్ల మీదికి మునిసిపాలిటీ సిబ్బంది వచ్చారు. సామాను బయట పారేశారు, ఎండ పడాలని కప్పు మీది పెంకులు ఊడదీశారు. కొన్ని గోడల మీద ‘యు.హెచ్.హెచ్.’ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు రాసి వెళ్లారు. మనుషులు ఉండటానికి పనికిరాని ఇల్లు అని దాని భావం.

ఆ ఇంట్లో ఎవరుంటున్నారో, నెలకు ఎంత కడుతున్నారో, అంతే అద్దెకు పనిచోటుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇంకో గది దొరుకుతుందో లేదో ఆ తనిఖీలో ఎవరూ పట్టించుకోలేదు. నిజానికి ఆ ఇళ్లలోకి జనం చేరడానికి కారణాలు ఆ రెండే: అద్దె, పనిచోటు. ఈ రెంటినీ కలిపి చూడని ప్రతి పథకమూ నూట ఇరవై ఏళ్లకు పైగా అక్కడే బోల్తా పడుతూ వచ్చింది.

బొంబాయిలో తొలి నూలుమిల్లు 1850లలో మొదలైంది. ఆ శతాబ్దం చివరికి పరేల్, లాల్‌బాగ్, చించ్‌పోక్లీ ప్రాంతాలు మిల్లుల పొగగొట్టాలతో నిండిపోయాయి. పొద్దు పొడవకముందే మిల్లు కూత, భోంగా, మోగుతుంది. ఆలస్యమైతే ఆ రోజు కూలి పోయినట్టే. ట్రాము టిక్కెట్టుకు డబ్బు పెట్టలేని మనిషి మిల్లు గోడకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. అలా పుట్టుకొచ్చినవే చాళ్లు. వరసగా ఒంటి గదులు, వాటి ముందు ఉమ్మడి వసారా, అంతస్తు చివర ఉమ్మడి దొడ్లు. గదిలో ఓ మూల మోరీ, అంటే నీళ్లు పోసుకునే, గిన్నెలు కడుక్కునే జాగా. ఒక్క గదిలో ఒక కుటుంబం, దానితోపాటు ఊరి నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు. రాత్రి షిఫ్టు వాడు లేచి వెళ్లిన చాప మీద పగటి షిఫ్టు వాడు పడుకునేవాడు. కుటుంబాన్ని ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లకు చాళ్లలోని ఆడవాళ్లు నెలవారీ లెక్కన అన్నం వండిపెట్టేవారు. ఆ ఖానావళులే లేకపోతే మిల్లులు నడిచేవి కావు.

ఈ నగరాన్ని కట్టిన చేతుల్లో తెలుగు చేతులు మొదటి నుంచీ ఉన్నాయి. నిజాం రాజ్యం నుంచి రాళ్లు మోయడానికి, గోడలు కట్టడానికి పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే వెళ్లిన కామాఠీల పేరే కామాఠీపురా. ఆ తర్వాత కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు మగ్గం వదిలి మిల్లుల్లో చేరారు. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ వినబడే ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న మాట వెనుక ఉన్నది ఈ వలసే. వెళ్లినవాడికి పనీ గదీ ఒకే దారిలో దొరికేవి. ముందే చేరిన ఊరివాడో, బంధువో మిల్లులో కూలీలను పెట్టుకునే జాబర్‌తో మాట్లాడి పని చూపిస్తాడు, తన ఖోలీలో, అంటే గదిలో, చాప పరిచే చోటు ఇస్తాడు. అద్దెలో వాటా ఇవ్వాల్సిందే గాని, చిట్టీ గానీ రశీదు గానీ ఉండవు. ఈ రశీదు లేకపోవడమే తర్వాతి తరాల మెడకు చుట్టుకుంది.

ప్లేగు దెబ్బకు ప్రభుత్వం 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును పెట్టింది. ఇరుకు పేటలు కూల్చడం, వెడల్పు రోడ్లు వేయడం, పేదలకు ఇళ్లు కట్టడం దాని పనులు. మొదటి రెండూ చురుగ్గానే సాగాయి. శాండ్‌హర్స్ట్ రోడ్డు, ప్రిన్సెస్ స్ట్రీట్ వచ్చాయి. దాదర్, మాటుంగాల్లో మధ్యతరగతికి చక్కని ప్లాట్లు పడ్డాయి. మూడోది మాత్రం వెనకబడింది. ఇల్లు కూలినవాళ్లు పక్క వీధిలోని చాళ్లకు చేరారు, అక్కడ ఇరుకు ఇంకా పెరిగింది, అద్దెలూ పెరిగాయి. అయినా ట్రస్టు కట్టిన కొద్ది చాళ్లు ఎంతమందికి నిలబడే చోటు ఇచ్చాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. పరేల్‌లోని ట్రస్టు చాల్‌లో రెండు చిన్న గదుల్లో డాక్టర్ అంబేడ్కర్ ఇరవై ఏళ్లకు పైగా ఉన్నారు. కొలంబియాకు వెళ్లిందీ, మహాద్ సత్యాగ్రహం నడిపిందీ ఆ చిరునామా నుంచే. హైదరాబాదులోనూ 1908 మూసీ వరద, ఆ వెంట వచ్చిన ప్లేగుల తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇదే నమూనాలో ఏర్పడింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బొంబాయిలో అద్దెలు ఆకాశాన్నంటాయి. 1918లో అద్దె నియంత్రణ చట్టం వచ్చింది. గవర్నర్ జార్జ్ లాయిడ్ 1920లో బొంబాయి డెవలప్‌మెంట్ డైరెక్టరేట్‌ను (బీడీడీ) స్థాపించి, కార్మికులకు 50,000 ఒంటి గదులు కడతామని ప్రకటించారు. నగరంలోకి వచ్చే పత్తి బేలుకు ఒక రూపాయి సుంకం వేసి అందుకు సొమ్ము కూడబెట్టారు. మిల్లుల లాభం నుంచి కార్మికుడి గదికి దారి వేసిన ఆ ఆలోచన మంచిదే. చివరికి కట్టింది 207 చాళ్లు: వర్లీలో 121, నాయగావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, సేవ్రీలో 12. ఒక్కోటి నాలుగు అంతస్తులు, అంతస్తుకు 20 గదులు, గది 160 చదరపు అడుగులు. మధ్యలో చీకటి నడవా, దాని రెండు వైపులా తలుపులు. గోడలు ఉట్టి కాంక్రీటు.

కట్టాక తేలిందేమిటంటే, వాటిలో చేరేవాళ్లు లేరు. వర్లీ అప్పటికి ఊరి చివర. మిల్లుకూ బజారుకూ దూరం, రవాణా అంతంత మాత్రం. కట్టడానికి అయిన ఖర్చును అద్దెలో రాబట్టాలని చూస్తే కూలివాడు కట్టలేడు. తగ్గిస్తే ఖజానాకు నష్టం. తగ్గించారు. అయినా బోలెడు గదులు ఏళ్ల తరబడి తాళాలతో ఉండిపోయాయి. శాసనోల్లంఘన ఉద్యమం రోజుల్లో వర్లీ చాళ్లను సత్యాగ్రహుల కోసం తాత్కాలిక జైలుగా వాడుకున్నారు. అదే నగరంలో, అవే ఏళ్లలో, లాల్‌బాగ్ గదుల్లో జనం వంతులవారీగా నిద్రపోతున్నారు. గదులకు కొరత ఉన్న ఊళ్లో గదులు ఖాళీగా ఉండటం ఇక్కడ మొదలైంది. తర్వాత ఊరు వర్లీని చుట్టేసింది, చాళ్లు నిండాయి. 

రెండో ప్రపంచ యుద్ధమూ దేశ విభజనా నగరాన్ని ఇంకా కిక్కిరిసేలా చేశాయి. 1947 నాటి బొంబాయి అద్దె చట్టం అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయిలో కట్టేసింది. కొన్నేళ్ల కోసమని తెచ్చిన ఆ చట్టాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ యాభై ఏళ్లు నడిపారు. దాని వల్ల లక్షలాది కుటుంబాలు నగరం నడిబొడ్డున నిలదొక్కుకున్నాయి. సమ్మె పడినా, ఉద్యోగం ఊడినా వీధిన పడలేదు. 1982లో దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగి, చాలామంది మళ్లీ పనిలోకి పోలేకపోయినప్పుడు, వాళ్లకు మిగిలిన ఆస్తి నెలకు పదుల రూపాయల్లో అద్దె ఉన్న ఆ ఖోలీ ఒక్కటే. చట్టాన్ని తిట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

కాని అదే చట్టం కొత్తగా వచ్చేవాళ్లకు తలుపు మూసింది. అద్దె పెరగని ఇల్లు ఎవరు కడతారు? ఉన్న ఇంటికి మరమ్మతు ఎవరు చేయిస్తారు? ఆ సందులోంచే ‘పగ్డీ’ పాతుకుపోయింది. గదిలో చేరేవాడు ముందు పెద్ద మొత్తం ముట్టజెప్పాలి, ఆపైన నెలనెలా నామమాత్రపు అద్దె కట్టాలి. కొన్నేళ్లకు అతను ఆ గదిని ఇంకొకరికి వదులుకుంటే, వచ్చిన సొమ్ములో మూడో వంతు ఇంటి యజమానికి పోతుంది, మిగతాది కిరాయిదారుకు. పేరుకు అద్దె గదే, లోపల మాత్రం సగం సొంతిల్లు. చేతిలో లక్షలు లేని మనిషికి ఇందులో చోటు లేదు. లైసెన్సు ఒప్పందం మీద ఉంటున్నవాళ్లను కూడా కిరాయిదార్లుగా గుర్తిస్తూ 1973లో చట్టాన్ని సవరించేసరికి, ఉన్న కాస్త ఖాళీ ఇళ్లకూ యజమానులు తాళాలు బిగించారు.

ఇళ్లు కూలడం వానాకాలపు వార్త అయిపోయింది. 1969లో మరమ్మతుల బోర్డు పెట్టి, సెస్సు వసూలు చేసి, 19 వేలకు పైగా పాత భవనాల బాధ్యతను ప్రభుత్వమే నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది. 1940 నాటి అద్దెలు ఇక న్యాయం కావని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. 2000 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఏటా 4 శాతం పెంపుకు ఒప్పుకుంది, పగ్డీని కూడా చట్టబద్ధం చేసింది.

గది దొరకనివాళ్లు ఎక్కడికి పోయారు? మురికివాడకు, అదీ దొరక్కపోతే ఫుట్‌పాత్‌కు. 1981 వానల్లో ఫుట్‌పాత్ వాసులను ఊళ్లకు పంపేస్తామని మహారాష్ట్ర ప్రభుత్వం బయల్దేరితే, ఆ వ్యవహారం ఓల్గా టెల్లిస్ కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. పని దగ్గర ఉండాలి గనకే వాళ్లు అక్కడ పడుకుంటున్నారనీ, వెళ్లగొడితే బతుకుతెరువు పోతుందనీ 1985 తీర్పు గుర్తించింది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి ఉందని చెప్పింది. నోటీసు ఇచ్చి తొలగించవచ్చని కూడా అదే తీర్పు అంది. సూత్రం నిలిచింది, గుడిసె నిలవలేదు.

1995 నుంచి మురికివాడల పునరావాసం కొత్త దారి పట్టింది. నిర్ణీత తేదీకి ముందు నుంచీ ఉన్నట్టు కాగితం చూపిన కుటుంబానికి మొదట్లో 225 చదరపు అడుగుల ఇల్లు ఉచితం, మిగిలిన జాగాలో బిల్డరు కట్టి అమ్ముకోవచ్చు. గుడిసె యజమానికి మేలు జరిగింది. ఆ గుడిసెలోనే అటక మీద నెల అద్దెకు ఉన్న జరీ పనివాడికీ, కట్టడం కూలీకీ, ఇళ్లలో పనిచేసే ఆమెకూ ఏమీ రాలేదు. వాళ్ల దగ్గర రశీదు లేదు. 2011 జనగణన నాటికి ముంబయి జనంలో పదిమందికి నలుగురు మురికివాడల్లో ఉన్నారు. అదే గణనలో దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి.

2008లో మహారాష్ట్ర సర్కారు మళ్లీ అద్దె ఇళ్ల పథకం ప్రకటించింది. ముంబయి ప్రాంతీయ అభివృద్ధి సంస్థ పర్యవేక్షణలో బిల్డర్లు ఇళ్లు కట్టిస్తారు. బదులుగా వాళ్లకు అదనపు అంతస్తుల హక్కు దక్కుతుంది. ఇంటి కొలత మళ్లీ ఆ పాత 160 చదరపు అడుగులే, కాకపోతే దొడ్డి లోపలే. నగరంలో భూమి ధర మండిపోతున్నది గనక చాలా ప్రాజెక్టులు ఠాణే, పన్వేల్ వైపు లేచాయి. కొన్నేళ్లకే అద్దె మాట పక్కకు పోయి అమ్మకం మాట వచ్చింది. పన్వేల్ దగ్గర కోన్ గ్రామంలో ఆ పథకం కింద లేచిన ఇళ్లలో 2,417ను 2016లో మిల్లు కార్మికులకు లాటరీలో కేటాయించారు. పరేల్‌లో బతుకంతా గడిపిన మనిషికి వృద్ధాప్యంలో నగరం దాటి ఎక్కడో ఇల్లు! వర్లీలో 1920లలో చేసిన తప్పును ఈసారి ఇంకా దూరంగా చేశారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు వలస కూలీలు నడిచి ఊళ్లకు బయల్దేరడానికి ఆకలి ఒక్కటే కారణం కాదు. కూలి ఆగినా గది అద్దె ఆగదు. ఆ జులైలో కేంద్రం భరించగల అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా పడి ఉన్న ఇళ్లను వలస కార్మికులకు అద్దెకు ఇవ్వడం అందులో ఒక భాగం. అలా తెరుచుకున్న తలుపులు దేశం మొత్తం మీద కొన్ని వేలకు మించలేదు. ఎన్నో ఇళ్లు పనికి దూరంగా ఉన్నాయి, మరెన్నో పాడుబడి ఉన్నాయి.

ఇప్పుడు బీడీడీ చాళ్లు నేలకూలుతున్నాయి. వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డులలో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా టవర్లు కడుతోంది. 160 అడుగుల గదిలో ఉన్న కుటుంబానికి 500 చదరపు అడుగుల సొంత ఫ్లాటు ఇస్తోంది. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలు తాళాలు అందుకున్నాయి. నాలుగు తరాలు నడవా చీకట్లో గడిపినవాళ్లకు అది దక్కాల్సిందే. పోర్టు భూమిలో ఉన్న సేవ్రీ చాళ్లవాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. కామాఠీపురా పునర్నిర్మాణానికీ ప్రణాళికలు నడుస్తున్నాయి.

ఈ లెక్కలో ఒక తీసివేత కూడా ఉంది. ఒకనాడు ప్రభుత్వమే కట్టి, ప్రభుత్వమే అద్దెకిచ్చిన పదహారు వేలకు పైగా గదులు ఒక్కొక్కటిగా సొంత ఫ్లాట్లయి అద్దె జాబితాలోంచి తప్పుకుంటున్నాయి. వాటికి బదులుగా నగరం నడుమ, కూలి డబ్బుతో కట్టగల అద్దెకు మరో పదహారు వేల గదులు కట్టే పథకం లేదు. ఆ భూమి ప్రభుత్వానిది, టవర్లలో అమ్మకానికి పెట్టే ఫ్లాట్ల లాభమూ ప్రజల భూమి మీద వచ్చేదే. అందులోంచి ఒక్కో టవరులో కొన్ని అంతస్తులు అద్దెకని అట్టేపెడితే, పత్తి బేలు మీద రూపాయి సుంకం వేసిన పాత ఏర్పాటుకు ఇది దగ్గరగానే ఉంటుంది. ఈ నెల పాలమూరు నుంచో సోలాపూర్ నుంచో వచ్చి ముంబయిలో దిగే కూలీకి రశీదుతో దొరికే గది అప్పుడు ఒకటైనా ఉంటుంది.